కొత్త హార్డ్ డిస్క్ 2048 జీబీ దగ్గరే ఆగిపోతే

4 టీబీ డిస్క్ విండోస్‌లో సుమారు 3.64 టీబీగా కనిపించడం లోపం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అయితే విండోస్‌లో డిస్క్‌లను చూపే 'డిస్క్ మేనేజ్‌మెంట్' సాధనంలో 2048 జీబీ ఒక భాగంగానూ, మిగతా 1678 జీబీ నల్లటి పట్టీ కింద 'అన్‌అలొకేటెడ్' (కేటాయించని స్థలం)గానూ కనిపిస్తూ, ఆ రెండో భాగంలో కొత్త వాల్యూమ్ (ఫైళ్లు దాచుకునే విభాగం) సృష్టించే వీలు లేకపోతే, డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉందని గ్రహించాలి. 512 బైట్ల సెక్టార్లతో (డిస్క్‌లో డేటా దాచే చిన్న ముక్కలతో) 2048 జీబీకి మించి లెక్కపెట్టడం ఆ పద్ధతికి సాధ్యం కాదు. డిస్క్‌లో ఉన్నదంతా ముందుగా వేరేచోటికి కాపీ చేసుకుని, వాల్యూమ్‌ను తొలగించి, ఎడమవైపు 'డిస్క్ 1' వంటి పేరున్న పెట్టెపై (పట్టీపై కాదు, చాలామంది తడబడేది ఇక్కడే) కుడి క్లిక్ చేసి, 'కన్వర్ట్ టు జీపీటీ డిస్క్' (జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చడం) ఎంచుకోవాలి. ఆ తరువాత మొత్తం స్థలాన్ని ఒకే వాల్యూమ్‌గా ఫార్మాట్ చేసుకోవచ్చు.