బెంగళూరు డిగ్రీ కాలేజీలో ఫీజు కట్టేముందు ఏ కాగితాలు చూడాలి, ఎలా చదవాలి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం తిరక్కముందే హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘బెంగళూరులో బీసీఏ సీటుంది సార్. ఏఐ స్పెషలైజేషన్, వంద శాతం ప్లేస్‌మెంట్. ఈ వారంలో బుక్ చేసుకుంటే ఇరవై వేలు తగ్గుతుంది.’ అటుపక్క మాట్లాడేది చాలాసార్లు కాలేజీవాళ్లు కాదు, కమీషన్ మీద పనిచేసే కన్సల్టెన్సీ. అతనితో వాదించి లాభం లేదు. కాలేజీ ప్రభుత్వానికి, యూనివర్సిటీకి రాసిచ్చిన కాగితాలు వేరే ఉంటాయి. చాలావరకు నెట్‌లోనే దొరుకుతాయి, ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. బీసీఏ, బీబీఏ, బీకామ్ లాంటి ఉద్యోగం వైపు నడిపే డిగ్రీల కోసం బెంగళూరు చూస్తున్నవాళ్లకే ఈ వివరాలు. ఇంజినీరింగ్ దారి వేరు.

పట్టా మీద ఏం రాసి ఉంటుంది?

మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. బ్రోషర్‌లో ‘బీసీఏ ఏఐ అండ్ డేటా సైన్స్’ అని ఉంటుంది, చివర్లో చేతికొచ్చే పట్టా మీద ఒట్టి ‘బీసీఏ’ అని ఉండొచ్చు. అది తప్పేమీ కాదు. ఆ ‘ఏఐ’ అనే మాటకి మాత్రం ఏడాదికి ముప్పై వేలు ఎక్కువ కడుతున్నామా అన్నది చూసుకోవాలి.

తర్వాత, ఆ పట్టా ఇచ్చే యూనివర్సిటీ ఏది? పాత బెంగళూరు యూనివర్సిటీ మూడుగా విడిపోయింది. జ్ఞానభారతిలో ఉన్నది ఒకటి, సెంట్రల్ కాలేజీ ప్రాంగణంలోని సిటీ యూనివర్సిటీ ఒకటి, కోలారు వైపున్న నార్త్ యూనివర్సిటీ ఒకటి. కాలేజీ ఏ ప్రాంతంలో ఉందో దాన్నిబట్టి అనుబంధం మారుతుంది. ఒకే ట్రస్టుకి రెండు క్యాంపస్‌లుంటే రెండూ ఒకే యూనివర్సిటీ కింద ఉన్నాయనుకోవద్దు. కాలేజీ ‘అటానమస్’ అయితే సిలబస్, పరీక్షలు వాళ్లవి, పట్టా మాత్రం యూనివర్సిటీదే. డీమ్డ్, ప్రైవేట్ యూనివర్సిటీలైతే పట్టా వాళ్లే ఇస్తారు. ఆ పేరు యూనివర్సిటీలని గుర్తించే కేంద్ర సంస్థ యూజీసీ సైట్ జాబితాలో ఉందో లేదో చూస్తే చాలు.

2024-25 నుంచి బీసీఏ, బీబీఏ కోర్సులు సాంకేతిక విద్యకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి అనుబంధ కాలేజీని ఆ ఏడాది అనుమతి పత్రం చూపించమని అడగండి. అందులో కోర్సు పేరు, మంజూరైన సీట్ల సంఖ్య ఉంటాయి. నిరుటి పత్రం చూపించి ‘రెన్యూవల్‌లో ఉంది’ అంటే కొత్తది వచ్చేదాకా డబ్బు కట్టకండి. బీకామ్‌కి ఈ అనుమతి అక్కర్లేదు. అది లేదని మంచి బీకామ్ కాలేజీని వదులుకోవద్దు.

కర్ణాటక ప్రభుత్వ యూనివర్సిటీల కింద డిగ్రీ 2024-25 నుంచి మళ్లీ మూడేళ్లకే వచ్చింది. నాలుగేళ్ల ఆనర్స్ అని ఎవరైనా చెబితే అది ఏ యూనివర్సిటీ పట్టాయో, నాలుగో ఏడు ఎవరు నడుపుతారో రాసివ్వమనండి. అమెరికాలో ఎమ్మెస్ ఆలోచన ఉన్న ఇళ్లలో ఈ ఒక్క ఏడాది తేడా తర్వాత పెద్ద తలనొప్పి అవుతుంది, అక్కడి యూనివర్సిటీలన్నీ మూడేళ్ల డిగ్రీని ఒకేలా చూడవు గనక.

కాలేజీల నాణ్యత చూసి న్యాక్ అనే సంస్థ ఇచ్చే గ్రేడ్ సంగతి. ఏ ప్లస్ ప్లస్ అంటే నాలుగుకి 3.51 పైన, ఏ ప్లస్ అంటే 3.26 నుంచి, ఒట్టి ఏ అంటే 3.01 నుంచి. బోర్డు మీద అక్షరం కాదు, సర్టిఫికెట్ మీద రెండు విషయాలు చూడాలి: ఎప్పటివరకు చెల్లుతుంది, ఏ చిరునామాకి ఇచ్చారు. పాత క్యాంపస్‌కి వచ్చిన గ్రేడుని ఎలక్ట్రానిక్ సిటీలోనో యలహంకలోనో కొత్తగా తెరిచిన బ్రాంచి గేటు మీద రాసుకోవడం మామూలే.

ప్లేస్‌మెంట్ లెక్క: ఆ పీడీఎఫ్ తెరవండి

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ తను ఇచ్చిన వివరాల పీడీఎఫ్‌ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు రాకపోయినా సరే. హోమ్ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్’ అని లింకు ఉంటుంది. అందులో ‘ప్లేస్‌మెంట్, హయ్యర్ స్టడీస్’ అనే పట్టిక ఉంటుంది. మూడేళ్ల డిగ్రీ వరసలో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులోపు పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువుకి వెళ్లారు అన్నీ కనిపిస్తాయి.

చదవడం ఎలాగో ఒక ఊహాలెక్కతో చూద్దాం. చేరినవాళ్లు 240. మూడేళ్లలో పాసైనవాళ్లు 168. ఉద్యోగాలు 70. పైచదువులు 40. మధ్యస్థ జీతం 2,75,000.

బ్రోషర్‌లో ఇదే కాలేజీ ‘95 శాతం ప్లేస్‌మెంట్’ అని వేసుకోగలదు. అబద్ధం కూడా కాదు. కంపెనీల షరతులకి సరిపోయి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 74 మంది అనుకోండి. 74లో 70 అంటే దాదాపు 95. పాసైనవాళ్లలో చూస్తే 42 శాతం. చేరినవాళ్లలో చూస్తే 29 శాతం. మీ పిల్లలు ఇవాళ చేరబోయేది ఆ 240లోకి. కాబట్టి మీరు చూడాల్సింది మూడో లెక్క. దానికి పైచదువులకి వెళ్లినవాళ్లని కలిపితే 110 మంది, అంటే 46 శాతం.

అంతకంటే ముఖ్యం, 240కి 168 ఎందుకయ్యారన్నది. మిగతా 72 మందిలో కొందరు మానేసి ఉంటారు, ఎక్కువమంది బ్యాక్‌లాగ్‌లతో, అంటే తప్పిన సబ్జెక్టులు మిగిలిపోయి ఆగి ఉంటారు. చాలా కంపెనీలు పది, ఇంటర్, డిగ్రీ మూడింట్లో 60 శాతం అడుగుతాయి, బ్యాక్‌లాగ్ ఒక్కటున్నా రానివ్వవు. పిల్లాడికి ఇంటర్‌లో 55 శాతం వస్తే డిగ్రీలో ఎంత బాగా చదివినా కొన్ని కంపెనీల మొదటి వడపోతలోనే పోతాడు. ఇది కన్సల్టెన్సీ చెప్పదు.

మధ్యస్థ జీతం 2,75,000 అంటే నెలకి దాదాపు 22,900. కోతలు పోగా అంతకంటే తక్కువే చేతికొస్తుంది. బెంగళూరు పీజీ హాస్టల్ అద్దె, తిండి, బస్సు దీంట్లోంచే పోవాలి. ‘హయ్యెస్ట్ ప్యాకేజ్ 18 లక్షలు’ అన్న ఫ్లెక్సీ ఒక్క పిల్లవాడిది. మధ్యస్థం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లలో సగంమందికి అంతకంటే తక్కువని.

అదే పీడీఎఫ్‌లో ఇంకా కిందికి వెళితే అధ్యాపకుల పట్టిక ఉంటుంది: పేరు, అర్హత, అనుభవం నెలల్లో, చేరిన తేదీ.  సగానికి పైగా చేరి 12, 14, 20 నెలలైనవాళ్లే ఉంటే అక్కడ టీచర్లు నిలవడం లేదేమో అని అనుమానించాలి. రెండేళ్ల పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూస్తే ఎంతమంది వెళ్లిపోయారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

పీడీఎఫ్ లేదంటే కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి వెళ్లలేదన్నమాట. అప్పుడు న్యాక్ కోసం ఇచ్చిన స్వీయ నివేదికలో 5.2 అనే విభాగం చూడండి. ఎవరికి ఏ కంపెనీలో ఉద్యోగమో పేర్లతో జాబితా దొరకొచ్చు. రెండూ లేకపోతే నోటిమాటే మిగులుతుంది.

‘ఇంటిగ్రేటెడ్’ అన్న మాట వినగానే

డిగ్రీకి ఇంకో కోర్సుని కలిపి అమ్మడమే ఇది. బీకామ్‌తోపాటు ఏసీసీఏ, అంటే బ్రిటన్ సంస్థ ఇచ్చే అకౌంటింగ్ అర్హత, ఇప్పుడు బెంగళూరులో బాగా అమ్ముడుపోయే సరుకు. ‘13 పేపర్లలో 9 మాఫీ, మిగిలింది నాలుగే’ అంటారు. లెక్క నిజమే. కానీ తొమ్మిదీ మాఫీ కావాలంటే ఆ కాలేజీలోని ఆ ప్రోగ్రామ్‌కే ఏసీసీఏ గుర్తింపు ఉండాలి. ఏసీసీఏ సైట్‌లో మినహాయింపుల కాలిక్యులేటర్ ఉంది. దేశం, కాలేజీ, కోర్సు, పూర్తయ్యే ఏడాది కొడితే ఎన్ని మాఫీయో చూపిస్తుంది. అక్కడ నాలుగైదే కనిపిస్తే కౌన్సెలర్ చెప్పిన తొమ్మిది మర్చిపోండి.

మాఫీ అయిన ప్రతి పేపర్‌కీ ఏసీసీఏకి విడిగా ఫీజు కట్టాలి, పౌండ్లలో. రిజిస్ట్రేషన్, ఏటా చందా అదనం. ఇవి కాలేజీ చెప్పిన ప్యాకేజీలో ఉన్నాయో లేదో ఎక్కువమంది అడగరు, రెండో ఏడాది బిల్లు చూసి గుండె పట్టుకుంటారు. ఇక మిగిలిన నాలుగు పేపర్లు మొత్తంలోకి కష్టమైనవి. కింది తొమ్మిదీ మాఫీలో దాటేసినవాళ్లకి అవి ఒక్కసారిగా కొండలా కనిపిస్తాయి. పరీక్షలు అయ్యాక కూడా 36 నెలల పని అనుభవం చూపిస్తేనే సభ్యత్వం. అకౌంట్స్ అంటే నిజంగా ఇష్టమున్న పిల్లలకి ఇది మంచి దారి. ‘సీఏ కంటే ఈజీ’ అన్నందుకు చేర్పించేవాళ్లకి కాదు.

బీసీఏలో ‘ఫలానా కంపెనీతో కలిసి నడిపే కోర్సు’ అంటూ ఇదే ఆట కంపెనీ లోగోలతో ఆడతారు. పాఠం చెప్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని సెమిస్టర్లు, సర్టిఫికెట్ ఇచ్చేది కంపెనీయా కాలేజీయా అని అడగండి. సెమిస్టర్‌కి రెండు రోజుల వర్క్‌షాప్ అని తేలితే ఆ లోగోకి అదనంగా ఒక్క రూపాయి కూడా దండగే.

వెళ్లి చూసే రోజు

ఓపెన్ డేకి వెళ్లొద్దు. మంగళవారమో బుధవారమో, పదకొండు ప్రాంతంలో, సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు. పది నిమిషాలాగి నోటీస్ బోర్డు దగ్గరికి నడవండి.

టైమ్‌టేబుల్‌లో సబ్జెక్టు పక్కన టీచర్ పేరు లేకుండా ఖాళీ గడి ఉందా చూడండి. సెమిస్టర్ సగంలో ఆ గడి ఖాళీగా ఉందంటే ఆ సబ్జెక్టుకి మనిషి దొరకలేదు. సెక్షన్ల అక్షరాలు గమనించండి. రెండేళ్ల కింద ఏ, బీ ఉన్న బీసీఏ ఇప్పుడు జీ దాకా పోయిందంటే కాలేజీ పెరిగింది, సంతోషం. ల్యాబులు పెరిగాయా? 60 మంది సెక్షన్‌ని ముప్పయ్యేసి చొప్పున రెండు బ్యాచ్‌లు చేస్తే, పనిచేసే సిస్టమ్‌లు ముప్పై ఉండాలి. ల్యాబులోకి తొంగిచూడండి. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు ఫోన్ చూసుకుంటుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఆ తర్వాత గేటు బయట టీ బడ్డీ దగ్గర ఫైనలియర్ పిల్లల్ని పట్టుకోండి. బెంగళూరు కాలేజీల్లో మన తెలుగు పిల్లలు ఎక్కడైనా తగులుతారు. ‘కాలేజీ బాగుందా’ అనకండి, ‘బాగుందంకుల్’ అనేస్తారు. ‘ఈ ఏడాది క్యాంపస్‌కి ఏయే కంపెనీలు వచ్చాయమ్మా, మీ సెక్షన్‌లో ఎంతమందిని తీసుకున్నారు, ఉద్యోగం కోడింగా, కాల్ సెంటరా, సేల్సా’ అని అడగండి. సేల్స్ ఉద్యోగాల్నీ ఐటీ ప్లేస్‌మెంట్‌లో కలిపేస్తారు, అది ఆ పిల్లల నోటే వినాలి.

డబ్బు

ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. మూడేళ్లకి మొత్తం రాయించుకోండి: యూనివర్సిటీ ఫీజు, బయటి రాష్ట్రం విద్యార్థుల ఎలిజిబిలిటీ ఫీజు (వేరే బోర్డు సర్టిఫికెట్లని యూనివర్సిటీ ఆమోదించడానికి కట్టేది), పరీక్ష ఫీజు, స్కిల్ ఫీజు, యూనిఫామ్, ఇండస్ట్రియల్ విజిట్. రెండో ఏడాది ఎంత పెంచుతారో కూడా. కన్సల్టెన్సీ ఖాతాలోకి, ఎవరి సొంత యూపీఐకి పైసా వేయకండి. కాలేజీ పేరున్న ఖాతాకే కట్టి, రసీదు తీసుకోండి. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని ఇక్కడ లెక్కలో వేసుకోవద్దు.

సీటు వదులుకుంటే యూజీసీ 2018 నోటిఫికేషన్ ఇలా చెబుతుంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందే చెబితే మొత్తం తిరిగివ్వాలి, 5 శాతం మించకుండా, గరిష్ఠంగా 5,000 పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల్లోపైతే 90 శాతం. ఆఖరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, 30 రోజుల్లోపు 50, ఆపైన సున్నా. ఏటా యూజీసీ విడిగా తేదీలు కూడా ప్రకటిస్తుంటుంది, ఆ ఏడాది సర్క్యులర్ చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని కూడా ఆ 2018 నోటిఫికేషన్‌లోనే ఉంది. చూసి తిరిగివ్వాలి, అంతే.

కేంద్ర ప్రభుత్వ చదువు రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి లోను తాకట్టు లేకుండా వస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల్లోపైతే 10 లక్షల వరకు లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాలేజీ పేరు ఆ పథకం జాబితాలో ఉండాలి, మేనేజ్‌మెంట్ కోటా సీటుకి కుదరదు.

కాగితాలు, పేరు

పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్, ఇంటర్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్, ఆధార్. అయిదేసి జెరాక్సులు, పది ఫొటోలు. మైగ్రేషన్ కోసం రిజల్ట్స్ రాగానే దరఖాస్తు పెట్టండి, అది రాకపోతే ఎలిజిబిలిటీ ఆగుతుంది, ఎలిజిబిలిటీ ఆగితే పరీక్ష దగ్గర ఇబ్బంది. మన కుల ధ్రువపత్రంతో కర్ణాటక రిజర్వేషన్ సీటు రాదు.

పేరు దగ్గర మనవాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు. పది మెమోలో ‘కొండారెడ్డి సాయి కిరణ్’ అని ఇంటిపేరు ముందు ఉంటుంది. కర్ణాటకలో ఇనీషియల్ వెనక రాయడం అలవాటు, క్లర్కు ‘సాయి కిరణ్ కె’ అని కొట్టేస్తాడు. ఆధార్‌లో ‘కె సాయికిరణ్’ అని కలిపి ఉంటుంది. ఇవి మూడూ కలవక అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దాచే ఖాతా) ఐడీ దగ్గర పని ఆగిపోతుంది. ఊళ్లో ఉండగానే ఆధార్‌ని పది మెమోకి సరిపెట్టించండి. కర్ణాటక ప్రభుత్వ యూనివర్సిటీల యూయూసీఎంఎస్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు క్లర్కు పక్కనే నిలబడి, సబ్మిట్ నొక్కేముందు స్పెల్లింగ్, ఖాళీలతో సహా పది మెమోతో పోల్చి చూసుకోండి. మొదటి సెమిస్టర్ హాల్ టికెట్ వచ్చాక దిద్దించాలంటే అఫిడవిట్, జరిమానా, యూనివర్సిటీ చుట్టూ రెండు మూడు తిరుగుళ్లు తప్పవు.