‘మైండ్’ అన్న ప్రతిచోటా మనసు కాదు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవారు చాలామంది ‘మైండ్’ అనే మాటకు ‘మనసు’ అని అర్థం రాసుకుంటారు. విడిమాటగా అది తప్పు కాదు గాని, నుడికారాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క అర్థమే దారి తప్పిస్తుంది. కనుక నుడికారం ఎదురైనప్పుడు, అందులోని మైండ్ జ్ఞాపకమా, నిర్ణయమా, మతిస్థిమితమా, అభ్యంతరమా అని ముందు తేల్చుకుని, ఆ తరువాతే తెలుగు మాట వెతకాలి.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు జ్ఞాపకం అనే అర్థం బలంగా ఉండేది. ‘రిమైండ్’లో అది ఇప్పటికీ నిలిచి ఉంది. ‘కీప్ ఇన్ మైండ్’ అంటే గుర్తుపెట్టుకోవడం. దాన్ని ‘మనసులో పెట్టుకోవడం’ అని అనువదిస్తే అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే ‘ఆ మాట మనసులో పెట్టుకోకు’ అని మనం అనేది కినుక వద్దని చెప్పడానికి. ‘ఇట్ స్లిప్డ్ మై మైండ్’లో జారిపోయేది విషయమే తప్ప మనిషి కాదు కనుక ‘ఐ స్లిప్డ్’ అనకూడదు. ‘ఆ సంగతి నాకు గుర్తురాలేదు’ అనే మన వాక్యంలోనూ కర్త సంగతే కదా, అలా పోల్చుకుంటే పొరపాటు రాదు.

నిశ్చయించుకోవడానికి ‘మేక్ అప్ యువర్ మైండ్’ అంటారు. ‘అప్’ వదిలేసి ‘ఐ మేడ్ మై మైండ్’ అనడం మన దగ్గర తరచుగా వినిపించే తప్పు. ఎటూ తేలక ఊగిసలాడుతుంటే బ్రిటిష్‌వారు ‘ఇన్ టూ మైండ్స్’ అంటారు, అమెరికన్లు ‘ఆఫ్ టూ మైండ్స్’ అంటారు.

‘లూజ్ యువర్ మైండ్’ అంటే మతి పోవడం. తెలుగులో మనసు పారేసుకోవడం వలపు సంగతి, రెండింటికీ పొంతన లేదు. ‘పీస్ ఆఫ్ మైండ్’ మనశ్శాంతి అయితే, ‘ఐ గేవ్ హిమ్ ఎ పీస్ ఆఫ్ మై మైండ్’ అంటే అతనికి గట్టిగా చీవాట్లు పెట్టానని. చెవికి ఒకేలా వినిపించే ఈ రెండు ‘పీస్’ల స్పెల్లింగులు వేరు, మాటలూ వేరు.

ఇదే మాట క్రియగా మారినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లండన్ భూగర్భ రైళ్లలో 1960ల చివరి నుంచి వినిపిస్తున్న ‘మైండ్ ద గ్యాప్’లో దాని అర్థం ‘చూసుకోండి’ అని. ప్రశ్నలోకి వస్తే అది అభ్యంతరం అవుతుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో ఒకసారి ఒక పెద్దాయన ‘డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అని అడిగితే, పక్క సీటులోని విద్యార్థి ఎంతో మర్యాదగా బ్యాగు ఒళ్లోకి తీసుకుంటూ ‘యెస్, యెస్’ అన్నాడు. పెద్దాయన కూర్చోబోయి ఆగిపోయారు. ‘కూర్చోవచ్చా?’ అన్న ప్రశ్నే ఆ అబ్బాయికి వినిపించింది. అడిగింది మాత్రం ‘మీకేమైనా అభ్యంతరమా?’ అని. అందువల్ల జవాబు ‘నో’తో మొదలుకావాలి. ‘వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?’ అని అడిగినా, కిటికీ తీయడానికి మీకు సమ్మతమైతే జవాబు ‘నో’నే, ‘మైండ్’ తరువాతి క్రియకు ‘ఇంగ్’ చేరుతుందని కూడా గమనించాలి. ఒట్టి ‘నో’ కటువుగా తోస్తే, ‘నాట్ ఎట్ ఆల్, ప్లీజ్ సిట్’ అని పూర్తిగా అనడం అలవాటు చేసుకోండి.