బాల్కనీ సైకిల్‌తో భీమిలి దాకా

బడికి వెళ్లే రోజుల్లో సైకిలెక్కితే దిగబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు అయిదు కిలోమీటర్లకే మోకాళ్లు, నడుం, అరచేతులు ఒకేసారి మొరాయిస్తాయి. వయసు మీద పడిందని అనుకుంటాం గానీ చాలామంది విషయంలో కారణాలు మూడే: సీటు బాగా కిందికి ఉండటం, టైర్లలో గాలి చాలకపోవడం, బరువైన గేర్లో తొక్కడం. వీటిని సరిచేసుకుంటే పాత సరదా మళ్లీ చేతికందుతుంది. వరసగా మూడు రోజులు సెలవులొస్తే విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి ఒక ప్రయాణం పెట్టుకోండి. ఒకవైపు సుమారు 30 కిలోమీటర్లు. మొదటి రోజు వెళ్లి, రెండో రోజు అక్కడే ఉండి, మూడో రోజు తిరిగి రండి. ఒక్క రోజులో రానూపోనూ తొక్కేవాళ్లున్నారు, కానీ మొదటిసారికి అది వద్దు.

ముందు సీటు సంగతి. గోడకు చెయ్యి ఆనించి, తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే సీటు మీద కూర్చోండి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. నడుం ఆ పక్కకి వాలకుండా కాలు నిటారుగా చాపుకోగలగాలి. ఇప్పుడు మడమ తీసి పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కాస్త వంగుతుంది. అదే మీ ఎత్తు. ఈ ఎత్తులో కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనవు, ఆ భయంతోనే అందరూ సీటు దించేస్తారు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి జారి ఒక కాలు నేల మీద పెట్టడం అలవాటు చేసుకోండి, రెండు రోజుల్లో వచ్చేస్తుంది. సీటు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది. అది ఫ్రేమ్ లోపలే ఉండాలి. బయటికి కనిపిస్తోందంటే కడ్డీ విరిగే ప్రమాదం ఉంది.

బాల్కనీలో మూలన పడున్న సైకిల్ టైర్లు నెలల తరబడి గాలి లేకుండా నిలబడితే పక్కల సన్నని పగుళ్లు వస్తాయి. పగుల్లో దారాలు కనిపిస్తే ఆ టైరు మార్చాల్సిందే. గాలి ఎంత కొట్టాలన్నది వేలితో నొక్కి చెప్పే లెక్క కాదు, మీటరున్న పంపు వాడండి. 70 కిలోల మనిషికి 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పున్న హైబ్రిడ్ టైరైతే 50 నుంచి 60 పీఎస్ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత), రెండంగుళాల మౌంటెన్ టైరైతే 35 నుంచి 45. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ సంఖ్య మాత్రం దాటకండి. గాలి తక్కువైతే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

చైను తుప్పు పట్టి ఉంటే కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క సైకిల్ చైన్ ఆయిల్ వేయండి. పది నిమిషాలాగి పైన మిగిలినదంతా తుడిచేయండి. నూనె పనిచేసేది లోపల, పైన మిగిలేది ఇసుకని పట్టుకుంటుంది, బీచ్ రోడ్డులో ఇది పెద్ద బెడద. చైను సాగిందో లేదో ఇంట్లోనే స్కేలుతో చూడొచ్చు. కొత్త చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం ఉంటుంది కాబట్టి 24 అరంగుళాలు కలిపి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాకా సాగితే వెనక పళ్ల చక్రం కూడా అరిగిపోయి ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినా బ్రేకు పిడికి, హ్యాండిల్‌కి మధ్య కనీసం వేలు మందం ఖాళీ మిగలాలి. చక్రాన్ని గాల్లో తిప్పినప్పుడు ఊగుతుంటే మెకానిక్ దగ్గర బెండు తీయించండి.

బయల్దేరే ముందు నాలుగు ఆదివారాలు కేటాయించండి: 10, 20, 30, 40 కిలోమీటర్లు. మధ్యలో వారానికి రెండుసార్లు అరగంట చాలు. ఇక్కడ నేర్చుకోవాల్సింది వేగం కాదు, తేలిక గేర్లో చకచకా తొక్కడం. కుడి మోకాలు 15 సెకన్లలో 18 నుంచి 20 సార్లు పైకి రావాలి. అంతకన్నా బాగా తక్కువొస్తుంటే గేరు బరువుగా ఉన్నట్టే, ఆ భారమంతా మోకాళ్లు మోస్తాయి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతుంటే మీ వేగం సరిపోయినట్టు.

ఈ దారిలో గాలి లెక్క తెలిసుండాలి. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఫిబ్రవరి దాటాక సాధారణంగా నైరుతి గాలి వీస్తుంది కాబట్టి భీమిలి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, తిరుగు ప్రయాణంలో ఎదురొస్తుంది. వెళ్లేటప్పుడు కాళ్లలో బలం పొంగినట్టనిపిస్తుంది, అది గాలి చేసిన సాయమని గుర్తుపెట్టుకోండి. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య గాలి కాబట్టి ముందు కష్టం, తర్వాత సుఖం. మొదటి ప్రయాణానికి ఈ నెలలే బాగుంటాయి, ఎండా తక్కువ. ఏ నెలైనా తెల్లారుతూనే బయల్దేరండి. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది, సెలవు రోజుల్లో కార్ల రద్దీ కూడా.

కైలాసగిరి దాటాక రోడ్డు చిన్నచిన్న ఎత్తుపల్లాలతో సాగుతుంది. ఎత్తు మొదలవ్వకముందే తేలిక గేరుకి మారండి. ఎక్కుతూ గట్టిగా తొక్కుతూ మారిస్తే చైను జారుతుంది. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి నొక్కాలి, మలుపుకి ముందే వేగం తగ్గించాలి. రోడ్డంచున గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటుంది, దాని మీద ముందు చక్రం తిప్పితే పడిపోతారు. అందుకే అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కండి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

బయల్దేరే గంట ముందు మూడు ఇడ్లీలు చాలు. దారిలో ముప్పావు గంటకోసారి, ఆకలి కోసం ఆగకుండా, ఒక అరటిపండో పల్లీ పట్టీయో తినండి. ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యం. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, గుక్కలు గుక్కలుగా. బాగా చెమట పోస్తుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసిన కొలత ప్రకారం కలుపుకోండి. రుషికొండ దగ్గర ఒకసారి, మంగమారిపేట దగ్గర ఇంకోసారి పది నిమిషాలు ఆగితే కాళ్లు తేరుకుంటాయి. భీమిలి ముందర ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. సైకిల్ రోడ్డు పక్కనే తాళం వేసి నడిచి చూడండి. ఆ మెత్తటి ఇసుకలోకి చక్రాలు దింపితే దిబ్బలకీ నష్టం, బేరింగులకీ నష్టం.

నొప్పి వస్తే అది ఎక్కడుందో చూడండి. మోకాలి ముందు భాగమైతే సీటు అర సెంటీమీటరు లేపండి, వెనకైతే అంతే దించండి. అరచేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందికి వంగి మీ బరువంతా చేతుల మీద పడుతోంది, సమంగా చేయండి.

సంచిలో ఉండాల్సినవి: ఒక కొత్త ట్యూబు, రెండు టైరు లివర్లు (రిమ్ము నుంచి టైరు ఊడదీసే పుల్లలు), చిన్న పంపు, ప్యాచులు, సొల్యూషన్, గరుకు కాగితం, 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు (ఆరు పలకల తాళాలు), చక్రానికి నట్లుంటే 15 నంబరు స్పానర్. పంచరైతే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడిమి చూడండి. పల్లేరుకాయ ముల్లు అక్కడే మిగిలిపోతే కొత్త ట్యూబూ అయిదు నిమిషాల్లో పోతుంది. ప్యాచ్ వేస్తుంటే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, అయిదు నిమిషాలు ఆరనివ్వండి. తడిగా ఉండగానే అంటిస్తే ఊడొస్తుంది.

రెండో రోజు భీమిలిలో సైకిల్‌కి కూడా విశ్రాంతే. గోస్తని సముద్రంలో కలిసేచోటికి, డచ్చివాళ్ల సమాధుల దాకా నడిచి వెళ్లండి, కాళ్ల పట్టు వదులుతుంది. మూడో రోజు ఎదురుగాలి ఉంటే రెండు గేర్లు తగ్గించి, మోచేతులు వంచి, వంతులవారీగా ఒకరి వెనక ఒకరు తొక్కండి. వెనకున్నవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది. ఇంటికొచ్చాక స్నానానికి ముందే మంచినీళ్లలో పిండిన గుడ్డతో ఫ్రేము, చువ్వలు, చైను తుడిచి, ఆరాక మళ్లీ నూనె వేయండి. ఉప్పుగాలి చైనుని రెండు రోజుల్లోనే ఎర్రగా మార్చేస్తుంది.