టైమ్ మేనేజ్‌మెంట్ యాప్ ప్రాజెక్టు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

హైదరాబాద్ కాలేజీల్లో యూఎక్స్ (వాడేవాళ్లకు అనువుగా యాప్‌లు రూపొందించడం) కోర్సు ప్రాజెక్టు అనగానే చాలా బ్యాచ్‌లు టైమ్ మేనేజ్‌మెంట్ యాప్ ఎంచుకుంటాయి. సమస్య మనదే కాబట్టి సర్వే ఎందుకులే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. తప్పు రివ్యూ రోజు స్క్రీన్ మీద బయటపడుతుంది గానీ, దాని వేరు చాలాసార్లు మొదటి వారంలో ఎవరిని ఏమడిగారన్న దగ్గరే ఉంటుంది. అందుకే ప్రతి లక్షణం నుంచి వెనక్కి వెళ్లి చూద్దాం.

లక్షణం: టెస్ట్ చేసినవాళ్లంతా "బాగుంది" అంటారు, మార్చడానికి ఏమీ దొరకదు

కారణాలు రెండు. చూపించింది రూమ్మేట్లకు, అడిగింది "ఎలా ఉందిరా?" అని. రాత్రంతా కూర్చుని చేసినవాడి ముఖం మీద బాగోలేదని ఎవరంటారు? పైగా రంగులన్నీ దిద్ది, పూర్తయినట్టు కనిపించే స్క్రీన్ చూపిస్తే తప్పు పట్టడానికి ఇంకా మొహమాటపడతారు. తొలి విడత కాగితం మీద పెన్సిల్‌తో గీసిన స్క్రీన్లే చూపించండి. వాటి మీద జనం ధైర్యంగా మాట్లాడతారు.

అభిప్రాయం అడగకండి, పని ఇవ్వండి: "రేపు తొమ్మిదిన్నరకి ల్యాబ్. రికార్డ్ ఇంకా రాయలేదు. దీన్ని యాప్‌లో పెట్టు." మనసులో అనుకునేదంతా పైకి చెప్పమనండి. ఆ తర్వాత మీరు నోరు విప్పొద్దు. వేలు ఎక్కడ ఆగింది, ఏ బటన్ కోసం వెతికింది, ఎక్కడ వెనక్కి వచ్చింది అన్నది రాసుకోండి. "అది కాదక్కా, పైన ఉంది చూడు" అని మీరు సాయం చేసిన చోటే మీ లోపం ఉంది.

ఐదుగురితో పరీక్షిస్తే చాలన్న మాట రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. యూఎక్స్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన ఆ సలహాలో రెండో సగాన్ని వదిలేస్తుంటారు: పదిహేను మంది దొరికితే ఒకేసారి కూర్చోబెట్టకుండా ఐదుగురు చొప్పున మూడు విడతలు చేయాలి, మధ్యలో డిజైన్ సరిచేయాలి. ఆ ఐదుగురూ ఒకే రకం వాళ్లయి ఉండాలి. అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాడు, ఇంటి నుంచి రోజూ వచ్చి వెళ్లే అమ్మాయి ఒకే రకం కాదు. ఇద్దరి సాయంత్రాలకూ పోలికే ఉండదు.

లక్షణం: యాప్‌లో వేసుకున్న ప్లాన్ పొద్దున పదింటికే తప్పుతుంది

నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకి గుండెకాయ ఇదే. అంచనాలు ఎందుకు తప్పుతాయో 1979లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ చెప్పారు. ముందున్న పనికి ఎంతసేపు పడుతుందో లెక్కేసేటప్పుడు, అలాంటి పనికి ఇదివరకు ఎంత పట్టిందో మనం చూసుకోం. కాబట్టి "ఎన్ని గంటలు కావాలి?" అనే గడి తీసేయండి. దాని బదులు "పోయినసారి రికార్డ్ రాయడానికి ఎంతసేపు పట్టింది?" అని అడగండి. ఆ జవాబునే యాప్ అంచనాగా వాడుకోవాలి.

రెండో కారణం మన ఊరిది. చాలా ప్రోటోటైపుల్లో (నమూనా యాప్‌లలో) ఒక పని 9 గంటలకు అయిపోగానే ఇంకో పని 9 గంటలకే మొదలవుతుంది, మధ్యలో మనిషి ఎక్కడికీ కదలనట్టు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు, రాయదుర్గం వెళ్లాలంటే మాత్రం అమీర్‌పేటలో మారాలి. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలకు మెట్రో లేదు. కాలేజీ బస్సు తప్పిపోతే ఆ రోజు లెక్కే మారిపోతుంది. వాన పడితే బండి మీద వెళ్లేవాళ్లు ఫ్లైఓవర్ కింద ఆగిపోతారు. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు ప్రయాణం సంగతి చెప్పక్కర్లేదు.

ప్రయాణాన్ని కూడా ఒక పనిగా టైమ్‌టేబుల్లో పెట్టండి. దానికి రెండు అంకెలు ఉండాలి: మామూలు రోజుకి ఒకటి, వాన రోజుకి ఒకటి. ఆ అంకెలు మ్యాప్‌లోవి కాకుండా, మీరు మాట్లాడిన విద్యార్థుల డైరీలోవి, అంటే రోజంతా ఏం చేశారో రాసుకున్న లెక్కలోవి కావాలి. అందుకే ఇంటర్వ్యూలో "మీకు ఇలాంటి యాప్ అవసరమా?" అనే ప్రశ్న దండగ, అందరూ అవుననే అంటారు. "నిన్న లేచిన దగ్గర్నుంచి గంట గంటకీ ఏం చేశావో చెప్పు" అనండి. పోయిన సమయం ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు.

ఎంత చేసినా ప్లాన్ కొన్నిసార్లు తప్పుతుంది. అప్పుడు స్క్రీన్ నిండా ఎర్ర గుర్తులు పెట్టి మనిషిని దోషిని చేయకండి. "మిగిలినవి ముందుకు జరుపు" అనే ఒక్క బటన్ చాలు.

లక్షణం: మొదటి రోజు ఉత్సాహంగా నింపుతారు, తర్వాత తెరవరు

ఒక్క పని చేర్చడానికి పేరు, రకం, ప్రాధాన్యం, గడువు, రంగు, రిమైండర్ అన్నీ అడుగుతున్నారేమో చూడండి. ఒక్క వరుస రాస్తే పని చేరిపోవాలి, మిగతావి తర్వాత కావాలంటే మార్చుకుంటారు. క్లాసుల టైమ్‌టేబుల్ సెమిస్టర్‌కి ఒకసారి ఎక్కిస్తే చాలు. అర్జెంటు, ముఖ్యం అంటూ నాలుగు గళ్లు గీసే ఐసెన్‌హోవర్ పద్ధతిని విద్యార్థుల యాప్‌లో నేనైతే పెట్టను. మిడ్స్ ముందు అన్నీ ఒకే గడిలో పడతాయి. పొమొడోరో (25 నిమిషాలు పని, తర్వాత చిన్న విరామం) పెడితే ఆ 25 నిమిషాలను మార్చుకునే వీలుంచండి. నలుగురుండే హాస్టల్ గదిలో అంతసేపు ఎవరూ పలకరించకుండా ఉండరు.

లక్షణం: తెలుగు స్క్రీన్‌లో వత్తులు, గుడులు తెగిపోతాయి

ఇంగ్లిష్‌కి సరిపడా పెట్టిన లైన్ హైట్ (ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు), ఎత్తు మారని పెట్టెలు దీనికి కారణం. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ తీసుకుని లైన్ హైట్ 150 శాతం దగ్గర మొదలుపెట్టండి. స్క్రీన్లు గీసే ఫిగ్మా టూల్‌లో ఆటో లేఅవుట్ పెట్టి, ఎత్తు అక్షరాన్ని బట్టి పెరిగేలా చేయండి. "రాష్ట్రం", "శాస్త్రి" లాంటి మాటలతో పరీక్షించండి.

లక్షణం: డెమోలో లింక్ తెరుచుకోదు, బటన్ నొక్కితే కదలదు

లింక్ సంగతి సులువు: షేర్ సెట్టింగ్‌లో లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చని పెట్టి, లాగిన్ లేని ప్రైవేట్ విండోలో ఒకసారి తెరవండి. బటన్ సంగతికొస్తే, ఏదో ఒక ఫ్రేమ్‌లో (ఫిగ్మాలో ఒక్కో స్క్రీన్) తర్వాతి స్క్రీన్‌కి కనెక్షన్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. అన్ని స్క్రీన్లూ సగం సగం కలిపేకన్నా ఒకే దారిని మొదటి నుంచి చివరిదాకా కలపండి. కాలేజీ వైఫైని నమ్మకుండా ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఒకటి ఉంచుకోండి.

లక్షణం: కోడ్ రాసిన వెర్షన్‌లో రిమైండర్ మోగదు

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు యూజర్‌ని అనుమతి అడగాల్సిందే. కచ్చితమైన సమయానికి మోగే అలారాలకు వేరే అనుమతి ఉంది, ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకు అది దానంతటది రాదు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టిన అలారాలు పోతాయి కాబట్టి, బూట్ అయ్యాక తిరిగి పెట్టే కోడ్ ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా మోగకపోతే బ్యాటరీ సేవర్‌ని అనుమానించండి. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్‌లో) ఈ తేడా తెలియదు, స్నేహితుల ఫోన్లలో చూడండి.

లక్షణం: వైవాలో "గూగుల్ క్యాలెండర్ ఉండగా ఇదెందుకు?" అంటే మాట రాదు

స్లైడ్లు ఫీచర్లతో మొదలైతే ఈ ప్రశ్న తప్పదు. క్యాలెండర్ దగ్గర మీకన్నా ఎక్కువ ఫీచర్లున్నాయి. మొదటి స్లైడ్‌లో ఒకరి డైరీ పేజీ పెట్టండి, పేరు తీసేసి, వాళ్లను అడిగి. రోజులో ఏ గంట ఎక్కడ పోయిందో చూపించండి. రెండో స్లైడ్‌లో దానికోసం గీసిన పెన్సిల్ స్క్రీన్, మూడో దాంట్లో టెస్ట్ తర్వాత అది ఎలా మారిందో, ఎవరు ఎక్కడ ఆగిపోవడం వల్ల మారిందో పెట్టండి. ఫీచర్ల జాబితా ఆ తర్వాత, సమయం మిగిలితే.