నిలువురాళ్ల దగ్గరికి వెళ్లే ముందు

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి గుట్టల మీద ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. బండలు నిలిపి పైన మరో బండ కప్పిన వీటిని ఊరివాళ్లు రాక్షస గుళ్లంటారు. ఇలాంటి చోటికి బయలుదేరేవారికి కొన్ని జాగ్రత్తలు.

• ముందు ఊళ్లో చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. గుప్తనిధుల ఆశతో గడ్డపారలు పట్టుకొచ్చినవాళ్లు ఎన్నో సమాధులను పాడుచేశారు. అందుకే కొత్తవాళ్లను చూస్తే ఊరికి అనుమానం, అది న్యాయమైనదే. సర్పంచిని కలవండి, పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఏ రాయిని ఏమని పిలుస్తారో, ఏ కథ చెబుతారో రాసుకోండి. ఆ పేర్లు వాళ్లతోనే పోతే మళ్లీ దొరకవు.

• అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి తప్పనిసరి.

• పసుపు కుంకుమలున్న రాయి దగ్గర చెప్పులు విడవండి. ఫొటోకు ముందు అడగండి.

• బండల సందుల్లో చేయి పెట్టవద్దు. పాములు, తేళ్లు ఉంటాయి. తేనెతుట్టె కనిపిస్తే పొగ, కేకలు వద్దు.

• సుద్దతో గీయవద్దు, కప్పుబండ ఎక్కవద్దు. కుండపెంకు కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, అక్కడే వదిలేయండి. చోటు మారిన పెంకు సగం చరిత్రను పోగొట్టుకుంటుంది. పాతిపెట్టిన విలువైన వస్తువేదైనా బయటపడితే, 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

• నీళ్లు, బూట్లు, చేతికర్ర. పొద్దు వాలకముందే గుట్ట దిగండి.