వాలీబాల్ ఆట మెరుగవ్వాలంటే ప్రాక్టీస్ ఎట్టా చెయ్యాలి?

సంక్రాంతి దగ్గర పడితే చాలు, కావలి, కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్ళల్లో నెట్లు లేస్తాయి. సందకాడ గ్రౌండుకి పోయి చూడండి, పిలకాయలు వరసలో నిలబడి గంటసేపు స్మాషులే కొడతా ఉంటారు, వచ్చిన బాల్‌ని ముంజేతులతో అందుకుని మనోడికి ఇచ్చే పాస్ ప్రాక్టీస్ చేసేవాడు ఒక్కడూ కనపడడు. తీరా టోర్నమెంట్లో అవతలోడు ఒక మోస్తరు సర్వీస్ వేసినా బాల్ చేతికి తగిలి పక్క చేలో పడుద్ది, ఇంక స్మాషులు కొట్టే షూటర్ ఎంత పెద్దోడైతే ఏం లాభం, వాడిదాకా బాల్ వస్తేగా! అందుకే ముందు వరస మార్చండి, పాసూ సర్వీసూ కుదిరాకే స్మాష్.

మొదట నెట్ కొలవండి. మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. కొలిచేది కోర్టు మధ్యలో, కర్రల దగ్గర కాదు. మధ్యలో జారిపోయిన నెట్ మీద అలవాటు పడినోడు సరైన నెట్ మీదికి పోతే కొట్టినవన్నీ నెట్‌కే. కోర్టు 18 బై 9 మీటర్లు, నెట్‌కి రెండు పక్కలా 3 మీటర్ల దూరంలో లైను కూడా సున్నంతో గియ్యండి. బాల్‌లో గాలి రాయిలాగా కొట్టించొద్దు, ముంజేతులు కమిలిపోతాయి, పాస్ కూడా అదుపులో ఉండదు. మీటరున్న పంపైతే చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కేజీల దగ్గర ఆపండి.

ఇప్పుడు పాస్. రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టి, మణికట్లు కిందికి వంచి, మోచేతులు బిగించండి. బాల్ తగలాల్సింది మణికట్టుకి కాస్త పైన, ముంజేతి మీద. చాలామంది చేతులు ఊపుతారు, అక్కడే పోతుంది ఆట. చేతులు ఊపొద్దు, మోకాళ్ళు వంచి కాళ్ళతో లేవండి, బాల్ వచ్చేలోపే దాని వెనక్కి పోయి నిలబడాలి, అంటే పాస్ అనేది సగానికి సగం కాళ్ళ పనే. ఒకడు అవతల నుంచి సర్వీసులు వేస్తా ఉంటే ఇద్దరు అందుకోండి, నెట్ దగ్గర సెట్టర్, అంటే స్మాష్‌కి బాల్ ఎత్తి ఇచ్చేవాడు, నిలబడే చోట ఒక గుండ్రం గీసి పది బాల్స్‌లో ఎన్ని ఆ గుండ్రంలోకి పోయినాయో రోజూ లెక్క రాసుకోండి. సెట్టర్‌కి మాత్రం గోడే గురువు, నుదుటిపైన వేళ్ళ కొసలతో తీసుకుని గోడకి వేస్తా ఉండాలి, అరచేతికి తగిలిందంటే తప్పు.

సర్వీస్‌కి మన సముద్రపు గాలి వాడుకోండి. తీరం పక్క ఊళ్ళల్లో సాయంత్రం గాలి తూర్పు నుంచి కొడుతుంది, దానికి ఎదురుగా తిరగకుండా పోయే ఫ్లోట్ వేస్తే బాల్ ఊగతా పోయి అవతలోడిని తికమక పెడుద్ది. గాలి వెనక ఉన్నప్పుడు బలం తగ్గించండి, లేదంటే అవుటే. ఎప్పుడూ మనిషి మీదికి కాదు, ఇద్దరి మధ్యలోకి వెయ్యండి, నువ్వా నేనా అనుకునేలోపు పాయింట్ వచ్చేస్తది.

స్మాష్‌కి కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ, కుడి, ఎడమ అడుగులతో రావాలి, మొదటిది నిదానం, చివరి రెండూ చకచకా. చేతులు వెనక్కి లాగి ఒక్కసారిగా పైకి విసిరితే ఎగురుడు దానంతటదే పెరుగుద్ది. దిగేటప్పుడు రెండు కాళ్ళ మీదా, మోకాళ్ళు కాస్త వంచి దిగండి. ఒంటికాలి మీద దిగే అలవాటుంటే మోకాలు పాడైపోద్ది, ముఖ్యంగా మన గట్టి నేలల మీద. జంపులు వారానికి రెండు మూడు రోజులే చాలు, మిగతా రోజులు గుంజీళ్ళు, పొట్ట కసరత్తులు. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైతే జంపులు ఆపెయ్యాల్సిందే.

ఎత్తు లేదని దిగులు పడేవాళ్ళు లిబెరో గురించి తెలుసుకోండి, 1998లో ఈ పొజిషన్ పెట్టారు, వెనక లైన్లో పాసులూ డిఫెన్సూ వాడి పని, బ్లాకింగ్, అంటే నెట్ దగ్గర ఎగిరి అవతలోడి స్మాష్‌ని అడ్డుకోవడం, చెయ్యకూడదు. కాళ్ళు చురుగ్గా ఉన్న పొట్టివాడు అక్కడ టీముకి బంగారం.

ఎండాకాలం సంగతి తెలిసిందేగా, పొద్దున ఏడున్నర దాటితే ఆపెయ్యండి, సాయంత్రం అయిదు తర్వాతే మళ్ళీ. పొదలకూరు పక్క నిమ్మకాయలకి కొదవా, ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మరసం బిందెడు పెట్టుకుని దాహం వేయకముందే తాగతా ఉండండి. ఇంకోటి, బ్లాక్ చేసేటప్పుడు వేలు బెణికితే ఎవరో ఒకరు వచ్చి పట్టుకుని లాగేస్తారు, లాగనివ్వొద్దు. ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, పక్క వేలితో కలిపి టేపు వెయ్యండి, వేలు వంకరగా కనపడినా, వాపు తగ్గకపోయినా ఎక్స్‌రే తీయించండి.