చెదలను గుర్తుపట్టడం - 3వ పాఠం: పుట్ట కట్టేది, కట్టనిది

పోయిన పాఠంలో కూలీ చెదలెవరు, సిపాయిలెవరు అని విడదీయడం చూశాం కదా, ఈసారి పనంతా సిపాయిలతోనే (పెద్ద తల, పొడుగు దవడలతో గూటికి కాపలా కాసేవి). మన చిత్తూరు, తిరుపతి నేలల్లో బూజు పెంచుకుని తినే రెండు జాతులను తీసుకుందాం: ఓడోంటోటెర్మిస్ ఒబేసస్, మైక్రోటెర్మిస్ ఒబేసి. నోరు తిరగకపోతే పెద్దది, చిన్నది అనుకోండి.

పెద్దది పుట్ట కడుతుంది. నాగులచవితికి మనం పాలు పోసే పుట్టలు పాము కట్టినవి కావు, ఇలాంటి చెదలు కట్టినవే. చిన్నది కట్టదు, నేలలో అక్కడక్కడా చిన్న చిన్న గదులు చేసుకుని బూజు పెంచుతుంది. అలాగని పుట్టలో దొరికిందల్లా పెద్దదే అని రాసేసుకోవద్దు, చిన్నది ఒక్కోసారి పెద్దదాని పుట్ట గోడల్లోనే కాపురం పెడుతుంది. అందుకే దవడ చూడాలి.

మామిడి మాను మీది మట్టిపూతను పుల్లతో లేపి, రాలిన చెదలను తెల్ల ప్లేటులోకి దులపండి (పుట్టలో మాత్రం చెయ్యి పెట్టకండి, పాములుంటాయి). తడిపిన బ్రష్ కొనతో ఒక సిపాయిని తీసి స్పిరిట్‌లో వేయండి. కదలిక ఆగాక వీపు పైకి, తల మీకు అవతలి వైపు ఉండేలా పెట్టి 10 రెట్ల లెన్సుతో చూడండి, అలా పెడితే దాని ఎడమ మీ ఎడమే. ఎడమ దవడ లోపలి అంచున ఒక పన్ను స్పష్టంగా పొడుచుకొచ్చి ఉంటే పెద్దది. దవడలు సన్నగా, కొడవలిలా వంగి, అలాంటి పన్నేమీ కనబడకపోతే, ఒళ్ళు కూడా చిన్నదైతే, అది చిన్నది.

చెనక్కాయ చేలో కూడా ఒక ఆనవాలు ఉంది. వాడిన చెట్టు పీకితే తల్లివేరు లోపల డొల్లగా ఉందా, చిన్నదాన్ని అనుమానించండి. కాయ పైతొక్కు గీకేసినట్టుంటే పెద్దదాన్ని. ఆ గీకిన చోటి నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే వేరే బూజు కాయలోకి దూరుతుంది, అసలు నష్టం అక్కడే. ఏదేమైనా, సిపాయి దొరక్కుండా తీర్పు చెప్పకండి.

నాకు బాగా నచ్చిన తేడా మాత్రం విత్తనంలో ఉంది. రెండూ పెంచేది టెర్మిటోమైసిస్ బూజునే. పెద్దది కొత్త కాపురం పెట్టాక, ఆ బూజు నుంచి వానలకు లేచిన పుట్టగొడుగుల బీజాలను కూలీలు బయట నుంచి ఏరుకొస్తారు. చిన్నదాంట్లో కాబోయే రాణే బూజు బీజాలను పుట్టింటి నుంచి కడుపులో పెట్టుకుని ఎగిరొస్తుంది. (ఈ పాఠం చదివి దొరికిన పుట్టగొడుగునల్లా కూర వండకండి.)

వచ్చే పాఠానికి తోటలో ఒక సీసా, చేలో ఒక సీసా సిపాయిలను పట్టి ఉంచండి. ఊరు, చెట్టు పేరు పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.